బుధవారపు కోడికి మంజూరు

కచ్చేరీలు రెండు రకాలు. సర్కారు నడిపేవి మొదటి రకం. సర్కారు నుంచి పెన్షన్ పుచ్చుకున్నవాళ్ళు ఇంటి అరుగు మీద నడుపుకునేవి రెండో రకం. మొదటి రకంలో పని ఆలస్యంగా జరుగుతుంది. రెండో రకంలో ఆలస్యమే పని. పటాన్‌చెరులో బొంబాయి రోడ్డుకు రెండు సందుల లోపల ఉన్న కిషన్‌రావు ఇల్లు ఈ రెండో రకానికి చెందినది. జిల్లా మొత్తంలో అంత పకడ్బందీగా నడిచే కచ్చేరీ మరొకటి లేదని ఇరుగుపొరుగంతా ఒప్పుకునేవారు (ఒప్పుకోనివారు ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేసుకోవాలి).

కిషన్‌రావు ముప్పై ఏళ్ళపాటు తాలూకా కచ్చేరీలో పేష్కారు. పేష్కారు అంటే తహసీల్దారు ముందు కాగితాలు పెట్టే మనిషి. ఆయన ఉర్దూలో వాక్యం మొదలుపెడితే పేజీ తిరిగినా ఆగేది కాదనీ, అది ముగిసేసరికి వాదీ ప్రతివాదీ ఇద్దరూ అలిసిపోయి రాజీకి వచ్చేవారనీ చెప్పుకునేవారు. తర్వాత పోలీసు చర్య జరిగింది. రాజ్యం మారింది. కచ్చేరీలోకి ఇంగ్లీషు వచ్చింది, దాని వెనకే తెలుగు వచ్చింది. ఉర్దూ తప్ప మరొకటి రాయని వాళ్ళ మెడలో పూలదండలు వేసి, గడువుకు ముందే ఇళ్ళకు పంపించారు. కిషన్‌రావు ఇంటికి వచ్చాడు. కచ్చేరీ కూడా ఆయన వెంటే వచ్చేసింది. అరుగు మీద చాప, చాప మీద రాత డెస్కు, డెస్కుకు ఎదురుగా ఒక పేము కుర్చీ. ఆయన చాప మీద కూర్చునేవాడు. కుర్చీలో ఎవరూ కూర్చునేవారు కాదు.

కచ్చేరీతోపాటు వచ్చిన మరో మనిషి బాబా మియా. అక్కడే చప్రాసీగా చేశాడు. ఇద్దరికీ ఒకే రోజు దండలు పడ్డాయి. చప్రాసీ ఇత్తడి బిళ్ళను సర్కారు వెనక్కి తీసుకుంది గాని భుజం మీది ఎర్ర పట్టీని మరిచిపోయింది. రోజూ పొద్దున టీ వేళకు వచ్చి అరుగు స్తంభం పక్కన నిలబడేవాడు. చీకటి పడ్డాక వెళ్ళేవాడు. ఎందుకొస్తున్నావని ఎవరూ అడగలేదు. రాకపోతే ఏం చేయాలో ఆయనకూ తెలియదు.

విజయకుమారి ఆ ఇంటి కోడలు. పెళ్ళై ఏడాది కాలేదు. పెనిమిటి ముకుంద్‌రావు సంగారెడ్డిలో గుమాస్తా. అక్కడే కిరాయి గదిలో ఉండి శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేవాడు. మిగిలిన రోజులు ఆమె అత్తమామల మధ్య, అంటే రెండు శాఖల మధ్య, గడిపేది.

ఇంటి నిబంధనలు ఆమెకు మొదటి నెలలోనే తెలిసివచ్చాయి. ఏం కావాలన్నా మామగారి ముందు నిలబడి చెప్పుకోవాలి. ఆయన దాన్ని ఉర్దూలో దరఖాస్తుగా రాస్తాడు. రాసినదాన్ని దారంతో కుట్టి మిసిలు, అంటే ఫైలు, చేస్తాడు. పాత సర్కారు మీద విశ్వాసంతో శుక్రవారం సెలవు. కొత్త సర్కారు మీద గౌరవంతో ఆదివారమూ సెలవే. మాంసం ఆదివారం మాత్రమే వండాలి (సెలవు రోజు కాబట్టి దానికి దరఖాస్తు అక్కరలేదు, లేకపోతే ఆ ఇంట్లో ఎవరూ మాంసం రుచి ఎరిగి ఉండరు).

పరిపాలన ఇంత చక్కగా సాగుతుండగా, ఒక బుధవారం సాయంత్రం విజయ తమ్ముడు యాదగిరి రేకు పెట్టె పట్టుకొని గుమ్మం ముందు ప్రత్యక్షమయ్యాడు.

అతనికి జహీరాబాదు దగ్గర ఒక బడిలో తెలుగు పంతులుగా నౌకరీ దొరికింది. మర్నాడు పొద్దున్నే చేరాలి. హైదరాబాదు నుంచి పోతూ పోతూ అక్కను చూడాలని దారిలో దిగాడు. చీకటి పడ్డాక అటు వెళ్ళే ఆఖరి బస్సు ఒకటుంది. అది పట్టుకోవాలి.

"రాత్రికి ఉండరాదురా," అంది విజయ, తమ్ముడి చేతిలోంచి పెట్టె లాక్కొని.

"ఉంటే పొద్దుగాల బడికి అందనక్కా. మొదటి దినమే పంతులు ఆలస్యమొస్తే పోరగాండ్లు నవ్వరా?"

"ఏమన్న తిన్నవా?"

"తిన్న," అన్నాడు యాదగిరి. కాసేపాగి, "పొద్దుగాల," అని కలిపాడు. ఇంకాసేపాగి నసిగాడు. "అక్కా, అమ్మ చేస్తుండె సూడు, వెన్నల ఎల్లిగడ్డ ఏసి కోడి. అమ్మ పోయినంక మల్ల తినలే. జల్దీ అయితది గద?"

జల్దీనే అవుతుంది. వాళ్ళమ్మ దాన్ని చెప్పాపెట్టకుండా వచ్చిన చుట్టాల కోసమే కనిపెట్టినట్టుండేది. మసాలా నూరేది లేదు, కొబ్బరి తురిమేది లేదు. లేత కోడిని చిన్న ముక్కలు కొట్టి, వెన్నలో వేసి, దంచిన వెల్లుల్లి గుప్పెడు, మిరియాల పొడి చిటికెడు. చుట్టం కాళ్ళు కడుక్కొని ఊరి ముచ్చట్లు ఒక కొలిక్కి తెచ్చేలోపు కంచంలో ఉండేది.

"గంతే గద. కూసో, చేస్త," అంది విజయ. ఆ ఇంట్లో ఆమె తన కోసమని ఇంతవరకు ఏదీ అడగలేదు. అందుకే అడగడం తేలికనుకుంది.

కిషన్‌రావు పగటి నిద్ర లేచి, ముఖం కడుక్కొని, డెస్కు ముందు కూర్చొని ఉన్నాడు. వారం రోజులుగా ఒక్క దరఖాస్తూ లేక మనిషి వాడిపోయాడు. విజయ గడప దాటి వచ్చి ఆయనకు మూరెడు దూరంలో నిలబడింది. బాబా మియా గొంతు సవరించుకొని, సందు చివరి దాకా వినబడేలా మూడుసార్లు పిలిచాడు.

"విజయకుమారీ! హాజిర్ హై?"

"ఉన్న," అంది విజయ.

"ఉన్నదట, సర్కార్," అని బాబా మియా తెలియజేశాడు.

"మామా, మా తమ్ముడొచ్చిండు. రాత్రి బస్సుకే పోతడంట. ఆకలి మీదున్నడు. ఒక్క కోడిని కోసి జల్దీ వండిపెడ్త."

కిషన్‌రావు ముఖం వికసించింది. కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నాడు. కలం ముంచాడు. "తమ్ముడనేటందుకు గవా ఎవరు?"

"మీకు తెల్వదా మామా? పెండ్లిల మీ పక్కన్నే కూసోని తిన్నడు గద."

"నాకు తెలుసు బిడ్డా. దఫ్తరుకు తెల్వదు."

యాదగిరి లోపలినుంచి వచ్చి దండం పెట్టాడు. "కూసో బిడ్డా, మంచిగున్నవా? చిక్కిపోయినవేంది?" అని కిషన్‌రావు ఆప్యాయంగా పలకరించి, కాగితం వైపు తిరిగి, 'దరఖాస్తుదారుకు తమ్ముడినని చెప్పుకొంటున్న ఒక వ్యక్తి' అని రాసుకున్నాడు. బాబా మియా గవాగా నిలబడి సాక్ష్యం ఇచ్చాడు. పెళ్ళిలో ఈ పిల్లవాణ్ణి కళ్ళారా చూశాననీ, బగారన్నం మూడుసార్లు వేయించుకున్నాడనీ, అంత తినేవాడు వధువు తరఫువాడు కాక మరెవరవుతాడనీ చెప్పాడు. అది నమోదైంది.

"వంటకం పేరు?"

"వెన్నల ఎల్లిగడ్డ కోడి."

"పులుసా, ఏంపుడా?"

"రెండూ గాదు మామా. ఏంపుడు లెక్కనే ఉంటది, గని ఏంపుడు గాదు."

కలం ఆగింది. "ఈ ఇంట్ల కోడిని పులుసు పెట్టినందుకు నజీర్ ఉన్నది. అంటే, ఇంతకుముందు చేసిన దాఖలా. వెన్నల ఏసినందుకు లేదు. రేపు ఎవరన్న అడుగుతే నేనేం జవాబు చెప్పాలె?"

"ఎవరడుగుతరు మామా?"

కిషన్‌రావు నొచ్చుకున్నాడు. ఎవరో అడుగుతారన్న భయం మీదే ఆయన ముప్పై ఏళ్ళ నౌకరీ నిలబడింది. అడిగేది ఎవరని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"అదట్లుండనీ," అన్నాడు. "జల్దీ అన్నవు. జల్దీ అంటే ఇది జరూరీ మిసిల్ అయితది. ఎర్రగుడ్డల కట్టాలె. జరూరా కాదా అనేది ముందుగాల తేల్చాలె. దానికి వేరే దరఖాస్తు."

"మామూలు మిసిల్ అయితే?"

"గది జరూరీ దానికంటె జల్దీ అయితది."

"మామూల్దే రాయుండ్రి మామా."

ఆయన రాశాడు. కోళ్ళ విషయంలో ఇంటి ఇల్లాలి అభిప్రాయం తీసుకొని రమ్మన్నాడు. విజయ పెరట్లోకి వెళ్ళింది.

కౌసల్యమ్మ పెరట్లో చేటతో బియ్యం చెరుగుతోంది. ఆమె భర్తగారి కచ్చేరీని నమ్మేది కాదు. బొడ్లో దోపుకున్న తాళాలగుత్తిని నమ్మేది. ఆమె ఎవరికీ లేదని చెప్పి ఎరగదు. ఉందని చెప్పినట్టు కూడా ఎవరికీ గుర్తు లేదు.

"నేనెందుకు వద్దంట బిడ్డా? నీ తమ్ముడు నా కొడుకసుంటోడు. కోసుకో," అంది. విజయకు ప్రాణం లేచివచ్చింది. "గని ఏది కోస్తవు? నల్లది పొదుగుల ఉన్నది. బూడిదది దినాం గుడ్డు పెడ్తది. పుంజును కోస్తవా, మీ మామ పొద్దుగాల లేవడు. ఆయన లేవకుంటే నాకేం ఫికర్ లేదు, ఆయనకే ఉంటది."

"మరి గా ఎర్రది, అత్తమ్మా?"

"గది మా అత్త ఉన్నప్పటిసంది ఉన్నది," అంది కౌసల్యమ్మ. ఒక కోడి అంత కాలం బతకడం సాధ్యమా అన్నది వేరే విషయం. ఆ ఎర్రకోడి గుడ్లు పెట్టడం మానేసి చాలా కాలమైనా, ఏటేటా దాని పదవీకాలం పొడిగిస్తూ వచ్చారన్నది వాస్తవం. దూడలు కూడా దానికి దారి ఇచ్చేవి.

"వెన్న, అత్తమ్మా?"

"ఉట్టి మీద ఉండనే ఉన్నది. గని రేపు బేస్తారం, నెయ్యి కాచే దినం. గియ్యాల వెన్న తీస్తే రేపు నెయ్యి తక్కువ పడ్తది. మీ మామ అడుగుతడు. ఆయన ఊఁ అంటే నాకేంది?"

(వెన్న ఆ ఇంట్లో శాశ్వత ఉద్యోగం కాదని పాఠకులు గమనించాలి. పాలకూ నెయ్యికీ మధ్య అది ఒక తాత్కాలిక నియామకం. తాత్కాలికులతో పని చేయించుకోవచ్చు గాని వాళ్ళ పేరు మీద ఏదీ మంజూరు కాదు.)

ఇక వెల్లుల్లి. అది వంటింట్లో లేదు. మామగారికి వాయువు చేసినప్పుడు ఒక హకీం పరగడుపున రెండు రెబ్బలు నమలమన్నాడు. ఆ రోజు నుంచి వెల్లుల్లి వంటశాఖ నుంచి వైద్యశాఖకు బదిలీ అయింది. గడ్డలన్నీ డెస్కు సొరుగులో, తాళం లోపల ఉన్నాయి. విజయ మళ్ళీ అరుగు మీదికి వచ్చింది. బాబా మియా మళ్ళీ మూడుసార్లు పిలిచాడు.

"ఎల్లిగడ్డ మందు, బిడ్డా," అన్నాడు కిషన్‌రావు. "ఎవరికి బీమారి?"

"ఎవరికి లేదు మామా."

"బీమారి లేనోనికి మందెట్ల ఇయ్యాలె?"

"ఆకలి గూడ బీమారే, సర్కార్," అని స్తంభం దగ్గరినుంచి బాబా మియా వినయంగా మనవి చేశాడు.

"హకీం చిట్టీ ఉన్నదా?"

లేదు. విజయ పెరట్లోకి వెళ్ళింది. పెరట్లోంచి అరుగు మీదికి వచ్చింది. అత్తమ్మ ఔనంటే మామగారికి అభ్యంతరం లేదు. మామగారు ఔనంటే అత్తమ్మకు అభ్యంతరం లేదు. అభ్యంతరమన్నది ఆ ఇంట్లో ఎవరికీ లేదు. మూడోసారి తిరిగేసరికి ఎండ పెరటి గోడ దాటి పోయింది. యాదగిరి రేకు పెట్టె మీద కూర్చొని ఉన్నాడు. కౌసల్యమ్మ అతనికి మంచినీళ్ళు ఇచ్చింది, తర్వాత మజ్జిగ ఇచ్చింది, తర్వాత మళ్ళీ మంచినీళ్ళు ఇచ్చింది. తాగడానికి ఆ ఇంట్లో అనుమతి అక్కరలేదు.

"వద్దులే అక్కా," అన్నాడు యాదగిరి నవ్వుతూ. "బస్సు ఆగేకాడ సమోసాలు దొరుకుతయి. ఉత్తగనే అడిగిన."

ఉత్తగనే అడిగిన. ఆ మాట విజయకు ఎక్కడో తగిలింది. అమ్మ ఉన్నప్పుడు దారిన పోయే బండివాడు కూడా వాళ్ళింట్లో ఆకలితో లేచి పోలేదు. ఇప్పుడు సొంత తమ్ముడు అక్క ఇంట్లో నీళ్ళు తాగి, రోడ్డు మీద సమోసా తిని, కొత్త నౌకరీకి పోతాడు. రేపు ఎవరైనా మీ అక్క ఏం పెట్టిందిరా అంటే వాడు అబద్ధం చెబుతాడు. చక్కగా, నవ్వుతూ చెబుతాడు.

ఈసారి బాబా మియా నోరు తెరవకముందే ఆమె అరుగు మీద ఉంది.

"మామా, ఇది దరఖాస్తు గాదు. అప్పీలు."

కిషన్‌రావు తలెత్తాడు. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. "దేని మీద?"

"మీరు కాదన్నదాని మీద."

"నేను కాదనలే గద బిడ్డా."

"ఔననలే గూడ."

ఆయన కలం పక్కన పెట్టాడు. తర్వాత మాట్లాడినప్పుడు గొంతు పేష్కారుది కాదు, ఒక ముసలాయనది. "ఔననుడు నా పని గాదు. పేష్కారు పేష్ చేస్తడు. మంజూరు తహసీల్దారు చేస్తడు. ముప్పై ఏండ్లల్ల నా చేత్తోని ఒక్క మంజూరు రాయలే. నాకు గా హక్కు లేకుండె."

"మరి ఇన్ని దినాలు మేం పెట్టుకున్నయన్ని?"

కిషన్‌రావు డెస్కు మూత ఎత్తాడు. లోపల మిసిళ్ళు, శుభ్రంగా కుట్టి, ముడులు వేసి, ఒకదాని మీద ఒకటి. "అన్ని తయారున్నయి," అన్నాడు. ఆ గొంతులో గర్వమూ ఉంది, దిగులూ ఉంది. "ఎవలన్న సూసి దస్కతు పెట్టుడే తరువాయి."

విజయకు అప్పుడు అర్థమైంది. ఈ ఇంట్లో ఆమెను ఎవరూ కాదనలేదు. ఔననేందుకు మనిషి లేడంతే.

"ఈ ఇంట్ల తహసీల్దారు ఎవరు మామా?"

కిషన్‌రావు స్తంభం వైపు చూశాడు, సందు వైపు చూశాడు. తహసీల్దారు లాంటివాళ్ళెవరూ కనిపించలేదు.

"కుర్సీ ఖాళీ ఉన్నది, సర్కార్," అన్నాడు బాబా మియా మెల్లగా.

మామగారి ఎదుట కోడలు కుర్చీలో కూర్చున్న దాఖలా ఆ సందులోనే కాదు, ఆ తాలూకాలోనే లేదు. విజయ కొంగు నెత్తి మీదికి లాక్కుంది. వెళ్ళి పేము కుర్చీలో కూర్చుంది. గుమ్మంలో నిలబడ్డ కౌసల్యమ్మ చేట కింద పెట్టి చెంప మీద చెయ్యి వేసుకుంది. యాదగిరి పెట్టె అందుకున్నాడు, అక్కనూ తననూ కలిపి బయటికి పంపుతారనుకొని.

కిషన్‌రావు లేచి నిలబడ్డాడు.

కోపంతో కాదు. అలవాటుతో. ఆ కుర్చీలో మనిషి కూర్చుంటే ఆయన మోకాళ్ళు వాటంతటవే లేస్తాయి. షేర్వాణీ గుండీలు పెట్టుకున్నాడు. వంగిన నడుము నిటారైంది. రాజ్యం మారినప్పటి నుంచి ఆ ముఖంలో కనబడని వెలుగు ఒకటి వచ్చింది. మిసిలును రెండు చేతులా పట్టుకొని ఆమె ముందు పెట్టి, "ఇన్‌చార్జి తహసీల్దారు అని రాయాల్నా?" అని అడిగాడు.

"రాయుండ్రి," అంది విజయ. "జల్దీ."

"దస్కతు ఈడ."

ఆమె తెలుగులో సంతకం పెట్టింది. ఆయన చూపిన చోటల్లా పెట్టింది. ఏం రాసి ఉందో చదవలేదు. ఉర్దూ రాదు, బస్సు టైమవుతోంది, పైగా కాగితాలు మూడున్నాయి. (అధికారులు చదవరు. ఆ సంగతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. కుర్చీలో ఏదో ఉంటుంది.)

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగినంత వేగంగా పని ఏ సర్కారులోనూ జరిగి ఉండదు. కిషన్‌రావు సొరుగు తాళం తీసి వెల్లుల్లి గడ్డలన్నీ ఒళ్ళో పోసుకొని, కళ్ళజోడు సర్దుకొని, తానే పొట్టు తీయడం మొదలుపెట్టాడు. "వెన్న దించు! హుకుం అయింది!" అని పెరటి వైపు కేకేశాడు. భర్త గొంతులో అంత హుషారు కౌసల్యమ్మ పెళ్ళినాడు కూడా వినలేదు. తాళాలగుత్తి మాట మరిచిపోయి ఉట్టి దించింది. పై అధికారి ఉన్నాడంటే చాలు, కిషన్‌రావు పని రాక్షసుడు. ఇన్నాళ్ళూ ఎవరి కోసం చేయాలో తెలియక ఆగిపోయాడు.

"కోడి ఏది, సర్కార్?" అన్నాడు బాబా మియా, కత్తి నూరుతూ.

"మిసిల్‌ల రాసి ఉన్నది గద. నౌకరీల పెద్దది. ఎర్రది."

విజయ తిరిగి చూసింది. "ఎర్రదా మామా? అది ముసల్ది గద! బూడిదది..."

"వయసు లెక్కన ముందు దాని వంతే. నీ దస్కతు ఉన్నది బిడ్డా. మార్చాల్నంటే మల్ల పేష్ చెయ్యాలె."

"వద్దు వద్దు. ఎర్రదే కోయుండ్రి."

ఎర్రకోడికి ఈ ఉత్తర్వు అందినట్టుంది. ఇన్నేళ్ళుగా ఎగరనిది గోడ ఎగిరి సందులో పడింది. బాబా మియా వెనకపడ్డాడు. విందుకు వచ్చిన చుట్టం, రేపటి పంతులు, ఇస్త్రీ ధోవతి పైకి దోపుకొని ఆయన వెనకపడ్డాడు. కోడి బొంబాయి రోడ్డు దాకా పోయింది. జొన్న బస్తాల బండి కింద దూరి ఆయాసపడుతుంటే యాదగిరి పొట్ట మీద పాకి పట్టుకొచ్చాడు. ఏందీ లొల్లి అని బండివాడు అడిగితే, బాబా మియా ఎర్ర పట్టీ సవరించుకొని, "సర్కారీ కోడి, హటో!" అన్నాడు. బండివాడు ఎద్దులను పక్కకు కొట్టాడు.

బాబా మియా కోశాడు. కౌసల్యమ్మ వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకి ముక్కలు కొట్టింది. విజయ పొయ్యి మీద మూకుడు పెట్టి, ఉప్పూ పసుపూ పట్టించిన ముక్కలను వాటి నీటిలోనే ఉడకనిచ్చింది. నీరు ఇగిరాక తెల్లటి వెన్న ముద్ద జారవిడిచింది. వెన్న కరిగి నురగ లేచింది. మామగారు స్వయంగా రోట్లో దంచి తెచ్చిన వెల్లుల్లి అందులో పడి చిటపటలాడింది. ఆ వాసన వంటింట్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి సందులోకి ఎవరి అనుమతీ లేకుండా వెళ్ళిపోయింది. వెల్లుల్లి అంచులు ఎర్రబడుతుంటే విజయ మిరియాల పొడి చల్లి మూత పెట్టింది. ఒక్క క్షణం ఆ పొగలో నిలబడింది. అది అమ్మ చీర కొంగు వాసన. వాకిట్లో యాదగిరి మాట్లాడటం ఆపేశాడు. వాడికీ అందిందని ఆమెకు తెలిసింది.

అంతా అమ్మ చేసినట్టే కుదిరింది, ఎర్రకోడి తప్ప. అది ఈ తొందరలో పాలుపంచుకోవడానికి నిరాకరించింది. మూకుట్లో ఇంకా నీళ్ళు పోసి, ఇంకా ఉడికిస్తే మెత్తబడేదేమో గాని, దూరంగా బస్సు హారను వినిపించింది.

"బస్సు!" అంది కౌసల్యమ్మ.

"నేను ఆపుత, బేటీ. తిననియ్యి పిలగాన్ని," అని బాబా మియా లాంతరు పట్టుకొని పరుగెత్తాడు.

జొన్నరొట్టెలు, పక్కన వెన్నలో మెరుస్తున్న కోడిముక్కలు కంచంలో పడ్డాయి. యాదగిరి ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. విజయ అతని దవడలనే చూస్తోంది. అవి గానుగెద్దులా ఓపిగ్గా తిరుగుతున్నాయి.

"ఎట్లున్నదిరా?"

యాదగిరి మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి మిరియాల వల్లనో ముక్క వల్లనో మరిదేని వల్లనో చెప్పడం కష్టం. "అమ్మ చేతి లెక్కనే ఉన్నదక్కా," అన్నాడు.

"అబద్దాలాడకు."

"ఎల్లిగడ్డ అమ్మది. వెన్న అమ్మది," అన్నాడు యాదగిరి రొట్టెతో కంచం అంచు తుడుస్తూ. "కోడి మాత్రం మీ అత్తగారి అత్తది."

విజయకు నవ్వొచ్చింది. ఆ ఇంటికి వచ్చాక అంత పెద్దగా నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కౌసల్యమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. కిషన్‌రావు ఒక ముక్క రుచి చూసి, చాలాసేపు విచారణ జరిపి, "గట్టిగున్నది. గని కాయిదా ప్రకారం ఉన్నది," అని తేల్చాడు.

అక్కడ రోడ్డు మధ్యలో లాంతరు, దాని వెనక ఎర్ర పట్టీ చూసి బస్సు ఆగిపోయింది. ఎవరో తనిఖీ అధికారి అనుకొని కండక్టరు దిగి సలాం చేశాడు. బాబా మియాకు ఏం చేయాలో తోచలేదు. తోచనప్పుడు అధికారులు చేసేదే చేశాడు. లోపలికెక్కి అందరి టికెట్లూ అడిగాడు. ఒక్కొక్కటీ లాంతరు దగ్గర పెట్టి, ముందుకూ వెనక్కూ తిప్పి, నిట్టూర్చి, తిరిగి ఇచ్చాడు. కొన్ని తలకిందులుగా కూడా చూశాడు. ప్రయాణికుల్లో ఇద్దరు దిగి పారిపోయారు. యాదగిరి మూతి తుడుచుకుంటూ, చేతిలో మిగిలిన ముక్కల మూటతో వచ్చి ఎక్కేసరికి, ఆఖరి వరుస తనిఖీ జరుగుతోంది.

"అంత సహీ ఉన్నది. పోనియ్యి," అన్నాడు బాబా మియా.

విజయ రోడ్డు దాకా వచ్చి బస్సు వెనక దీపం కనబడినంతసేపు నిలబడింది. కడుపు నిండిన తమ్ముడు అబద్ధం చెప్పే అవసరం లేకుండా పోయాడు. ఆమె తలెత్తి నడుస్తూ ఇంటికి వచ్చింది.

మర్నాడు పొద్దున టీ తాగుతుండగానే కిషన్‌రావు గుండీలన్నీ పెట్టుకొని పేము కుర్చీ పక్కన నిలబడి ఉన్నాడు. కుర్చీ తుడిచి ఉంది. ఇన్నేళ్ళుగా ఎదురుచూస్తున్న మిసిళ్ళు వరుసలో పేర్చి ఉన్నాయి. ముసలాయన ముఖం చూసి విజయ కాదనలేకపోయింది. రెండు సంతకాలు పెట్టి లేద్దామని కూర్చుంది. పదో మిసిలు దాకా లేవలేదు. లేద్దామనిపించలేదు కూడా, తను పెట్టే ఒక్కో సంతకంతో ఒక్కో పని కదులుతుంటే అదొక రకంగా బాగుంది.

అప్పుడు పెరట్లోంచి కౌసల్యమ్మ వచ్చింది. ఆమె అరుగు మీదికి వచ్చి ఏదైనా అడగడం అదే మొదలు. బాబా మియా మూడుసార్లు పిలిచాడు.

"విజయా, రుద్రారంల మా చెల్లె బిడ్డ నీళ్ళాడిందట," అంది కౌసల్యమ్మ కొంచెం మొహమాటంగా. "కొడుకు పుట్టిండు. ఒక్క పూట పోయి సూసొస్త, ఏమంటవు?"

పోయిరాండ్రి అత్తమ్మా అనాలనే విజయ అనుకుంది. కాని పొయ్యి మీద అన్నం ఉంది, ఒళ్ళో మిసిలు ఉంది, మామగారి వేలు సంతకం చోటు చూపిస్తోంది.

"రేపు సూద్దాం, అత్తమ్మా," అంది.

కౌసల్యమ్మకు కోపం రాలేదు. ఆశ్చర్యం వేసింది. కాగితం మీంచి తలెత్తకుండా ఆ మాట అనడం నేర్చుకోవడానికి ఆమె పెనిమిటికి సగం నౌకరీ పట్టింది. ఈ పిల్లకు ఒక్క రాత్రి సరిపోయింది.